నెమ్మది గోధుమ

శివలీల పొట్ట నిండా రొట్టె ఉంది, అయినా ఆ పిల్ల ఆకలితో చచ్చిపోతోంది.

డాక్టర్ నఫీసా ఆ మాట చెప్పేసి కుర్చీలో వెనక్కి వాలింది. ఎదురుగా శమంత కూర్చుని ఉంది. ఆమె వైద్యురాలు కాదు, ధాన్యం మీద పనిచేసే రసాయన శాస్త్రవేత్త. జహీరాబాద్ అవతల, చెరకు పొలాల మధ్య ఉన్న సస్యదీప్తి ధాన్య పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. పొద్దున్నే ఈ నర్సింగ్ హోం నుంచి ఫోన్ వస్తే ఎవరో నంబరు తప్పు కలిపారనుకుంది.

"నన్నెందుకు పిలిచారో ఇంకా అర్థం కాలేదు డాక్టర్ గారూ."

"పిల్ల తల్లి దుప్పటీ, గిన్నే ఒక సంచిలో వేసుకుని వచ్చింది. పిండి సంచి. దాని మీద మీ కేంద్రం పేరుంది." నఫీసా స్కానింగ్ తెర తిప్పింది. "చూడండి. ఇదంతా రొట్టే. నిన్న తిన్నది. తిన్నది తిన్నట్టే కిందికి జారుతోంది. రక్తంలో చక్కెర అడుగంటింది. కండ కరిగిపోయింది. కరువులో తిండి దొరకని పిల్లకి ఏమేం ఉండాలో అన్నీ ఉన్నాయి."

"పేగుల్లో జబ్బేమో."

"పేగు శుభ్రంగా ఉంది. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కిస్తే ఒళ్ళు తీసుకుంటోంది. మీ రొట్టెనే తీసుకోవడం లేదు."

మీ రొట్టె. శమంతకు ఆ మాట గుచ్చుకుంది.

మంచం మీద ఆరేడేళ్ళ పిల్ల. కళ్ళు మాత్రమే పెద్దవి. పక్కన నేల మీద తల్లి మొగులమ్మ కూర్చుని ఉంది. నారాయణఖేడ్ వైపు నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన ముఠాలో మనిషి. శమంత చీర చూసి, మెడలో గుర్తింపు కార్డు చూసి లేచి నిలబడింది.

"మీరన్న చెప్పుండ్రి మేడం. పిల్లకు తిండి పెడ్తలేవా అని నర్సమ్మ గదమాయిస్తున్నది. పెట్టకేంది? మొగోల్లు తిన్నంత తింటది నా బిడ్డ. కడుపు నిండిందే అమ్మా అంటది. మల్ల లేవ చాతగాదు."

"ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"డేరాలల్ల పిల్లలందరు గట్లనే ఉన్నరు. మాకు గూడ కాళ్ళల్ల సత్తువ లేదు. ఎవరిదో దిష్టి తగిలిందనుకుంటున్నం."

శమంత సంచి వైపు చూసింది. దాని మీద నవ్వుతున్న గోధుమ కంకి బొమ్మ. కింద 'నెమ్మది' అని పెద్ద అక్షరాలు. ఆ పిండిని డేరాలకు ఊరికే పంచమని పట్టుబట్టింది ఎవరో కాదు, తనే.

*

నెమ్మది గోధుమను పుట్టించింది ఆమె భర్త సంగమేశ్.

గోధుమ గింజ పాలు పోసుకునేటప్పుడు దాని లోపల రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ప్రోటీన్ పేరుకుంటుంది, పిండిపదార్థం పేరుకుంటుంది. రెంటికీ తాళం చెవి ఒకటే. ఒకటి ముందుకు గుంజితే రెండోది వెనక్కి తగ్గుతుంది. సంగమేశ్ ప్రోటీన్ మనిషి, శమంత పిండిపదార్థం మనిషి. మీ ఇంట్లో ఎవరిది పైచేయి అని ల్యాబ్‌లో కుర్రాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. "గింజలో ఏది పైచేయో అదే," అని సంగమేశ్ తప్పించుకునేవాడు.

అతను చేసిందల్లా ఒక ప్రోటీన్‌ని మార్చడం. ఆ మార్పుతో అది గింజ నిండేటప్పుడు పిండి రేణువుల చుట్టూ సన్నటి వలలా అల్లుకుంటుంది. రొట్టె కాల్చినప్పుడు ఆ వల కొద్దిగా వదులవుతుంది. తిన్న పిండి ఒక్కసారిగా చక్కెరగా మారదు, ఆ వల సందుల్లోంచి తీరిగ్గా, కొంచెం కొంచెంగా మారుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు కడుపు నిండా తినగలిగే గోధుమ. వాలంటీర్ల మీద పరీక్షలన్నీ దాటింది. వచ్చే సీజన్ నుంచి రేషన్ దుకాణాలకు వెళ్ళబోతోంది. విడుదల కాగితం మీద ఆఖరి సంతకం శమంతది.

ఆమె నర్సింగ్ హోం నుంచి నేరుగా ల్యాబ్‌కి వచ్చింది. మొగులమ్మ సంచి దులిపితే రాలిన పిండిని నీళ్ళలో ఉడికించింది. మనిషి కడుపులో ఉండే ఎంజైములను అందులో కలిపి, వేచి ఉండి, అయోడిన్ చుక్క వేసింది. పిండిపదార్థం మిగిలి ఉంటే అయోడిన్ నల్లటి నీలం అవుతుంది. ఇది లేత గోధుమరంగులో ఉండిపోయింది. అంటే పిండి కరిగింది. నెమ్మదిగానే, కానీ పూర్తిగా కరిగింది. పుస్తకంలో రాసుకున్నట్టే ఉంది.

డైరెక్టర్ చక్రపాణి వెనక నిలబడి చూస్తున్నాడు. ఆయన ముఖం విచ్చుకుంది.

"చెప్పానా. మన పిండికేం జబ్బు లేదు. ఆ మరపట్టించినవాడు ఏ సుద్దో, రంపపు పొట్టో కలిపి ఉంటాడు."

"ఏమీ కలపలేదు సార్. అదీ చూశాను."

"అయితే పిల్లకే ఏదో ఉంది. శమంత గారూ, మీరు సంతకం పెట్టాల్సిన టైములో ఇలాంటివి నెత్తికెత్తుకోకండి. పోయినేడాది మీరు ఒక ఏడాది ఆగుదామంటేనే నాకు పైనుంచి చీవాట్లు పడ్డాయి."

సంగమేశ్ అవతలి బల్ల దగ్గర సూక్ష్మదర్శిని మీద వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"నువ్వేమంటావు?" శమంత అడిగింది.

"నులిపురుగులు అయ్యుంటాయి. డేరాల దగ్గర నీళ్ళు ఎట్లుంటయో నీకు తెలియదు." అతను గడియారం చూసుకుని లేచాడు. "మైతూ బాక్స్ టైమైంది. వచ్చాక మాట్లాడుకుందాం."

"సార్ డ్యూటీకి బయల్దేరారు," అని ఎవరో నవ్వారు.

ఇది రోజూ జరిగేదే. క్వార్టర్స్ గేటు పక్కనే. సంగమేశ్ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, తనే పిండి కలిపి, తనే రొట్టెలు కాల్చి, హాట్ బాక్స్‌లో పెట్టుకుని కూతురు మైథిలి బడికి తీసుకెళ్తాడు. ఎంత పెద్ద మీటింగ్ ఉన్నా ఆపుకుని వెళ్తాడు. ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాడు. ఇలాంటి తండ్రి ఉండాలి అని స్టాఫ్ ఆడవాళ్ళు శమంత ముందే అనేవాళ్ళు. ఆమెకూ కొంచెం గర్వంగానే ఉండేది.

*

మైథిలికి పన్నెండేళ్ళు. ఆరో ఏట నుంచి షుగర్. చేతికి అంటించిన బిళ్ళ రక్తంలో చక్కెర ఎంతుందో ఫోన్‌కి చెబుతూ ఉంటుంది. అంతకుముందు ఆ ఫోన్ ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేసేది. అంకె ఎగిరితే సూది, పడితే గ్లూకోజ్ నీళ్ళు. ఒకసారి బడిలో ప్రార్థన వరసలో నిలబడి ఉండగా పడిపోయింది. కళ్ళు తెరిచేదాకా సంగమేశ్ ఆస్పత్రి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

నెమ్మది గోధుమ వచ్చాక ఆ అంకె కుదురుకుంది. సూదులు తగ్గాయి. పిల్ల బుగ్గలు వచ్చాయి.

"అమ్మా, మా క్లాసులో నాన్నకి పేరు పెట్టారు తెలుసా?" సాయంత్రం భోజనాల దగ్గర మైథిలి అంది. "డెలివరీ అంకుల్ అట."

"టిప్పు ఇస్తరా మరి?" సంగమేశ్ అన్నాడు.

"అందరూ పొద్దున్నే బాక్స్ తెచ్చుకుంటారు నాన్నా. నాకూ పొద్దున్నే పెట్టేయొచ్చు కదా. నాకు సిగ్గుగా ఉంది."

"వద్దు."

"చల్లారినా నేను తింటాను."

"వద్దన్నానా మైతూ."

గొంతు పెరగలేదు, కానీ పిల్ల ప్లేటులోకి చూస్తూ ఉండిపోయింది. శమంత మాత్రం, పొట్ట నిండా రొట్టె ఉన్న ఇంకో పిల్ల గురించి ఆలోచిస్తోంది.

"డేరాలకి పిండి ఇద్దామని నేనన్నప్పుడు నువ్వెందుకు వద్దన్నావు?"

అతను రొట్టె తుంపడం ఆపాడు. "వాళ్ళకు జొన్నలు అలవాటు. గోధుమ అరగదేమో అన్న."

"అరగదని అనలేదు. జొన్నలే ఇవ్వు అన్నావు. మీ వాళ్ళకి మంచి తిండి ఇస్తానంటే నీకేం నొప్పి అని నేనే దెప్పాను."

"దెప్పినవు. ఊరుకున్న." అతను లేచి, పళ్ళెంలో మిగిలిన రొట్టెలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాడు. మిగిలినవి రోజూ అలాగే పడేస్తాడు. గిన్నెలు కూడా తనే కడిగాడు.

*

మర్నాడు పొద్దున శమంత డేరాల దగ్గరికి వెళ్ళింది.

చక్కెర మిల్లు ఈ సీజన్‌కి మూతపడింది. చెరకంతా కొట్టేశారు. నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పిలకలు రావాలంటే వాటిని నేలకు సమంగా చెక్కాలి. ఆ పని కోసం ఈ ముఠా ఆగింది. బొంతలు, యూరియా సంచులు కుట్టి కట్టిన డేరాలు. పిల్లలు అరుగుల మీద కూర్చున్నట్టు బండ్ల కాడి మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఆడటం లేదు. శమంత కారు దిగితే ఎవరూ పరుగెత్తి రాలేదు. ఆమెకు అన్నిటికంటే అదే భయం వేసింది.

మొగులమ్మ అత్త ఎల్లవ్వ పొలం గట్టు మీద కూరకని ఒక ఆకు తెంపుకుని దులుపుతోంది. ముసలిదే కానీ మాట గట్టిది.

"పిల్ల ఎట్లున్నది?"

"గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. ఎప్పటి నుంచి అలా అయింది అవ్వా?"

"కొట్టుడు అయిపోయినంక. చెరకు కొట్టినన్ని దినాలు అందరు మంచిగనే ఉండిరి. పొద్దంత గడలు నముల్కుంట తిరిగేటోల్లు ఈ కోతులు. గడలు అయిపోయినయి, కోతులు కూలవడ్డయి."

శమంత ఆగిపోయింది. గడలు నమిలినన్ని రోజులూ చెరకు రసం నిలబెట్టింది. అది ఆగగానే పిల్లలు రొట్టె మీదే పడ్డారు. రొట్టె వాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. కానీ తన గాజు గొట్టంలో అదే పిండి కరిగింది కదా.

"రొట్టెలు ఎలా చేస్తారు? నాకు చేసి చూపిస్తావా?"

ఎల్లవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ఇప్పుడేడ చేస్త? పొయ్యి ఆరిపాయె. తెల్లారకముందే ఒక్కపారి పొయ్యి అంటిస్తం, దినమంతటికి రొట్టెలు అప్పుడే కొట్టి పెడ్తం. రెండుపార్లు అంటియ్యనీకె కట్టెలేడున్నయి? ఈడ అడివున్నదా? చెరకాకు కాలిస్తె రైతులు కొట్ట వస్తరు."

"మరి రాత్రికి?"

"పొద్దటియే. ఆకలైందా బిడ్డా? దా, తిను. చల్లగున్నయని మొఖం పెట్టకు."

గట్టు మీద బట్టలో చుట్టిన సద్ది మూట విప్పింది. బిరుసెక్కిన రొట్టెలు. వాటి మధ్య ఉల్లిగడ్డ, ఎర్ర కారం ముద్ద. శమంత ఒక ముక్క తుంపి నోట్లో పెట్టుకుంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పించిన మొదటి పరీక్ష అది. ఏ గోధుమైనా కాసేపు నమిలితే నోట్లో తీపి తేలుతుంది. పిండి చక్కెరగా మారడం అక్కడే, ఉమ్మిలోనే మొదలవుతుంది.

నమిలింది. దవడలు నొప్పి పుట్టేదాకా నమిలింది. తీపి రాలేదు. నోట్లో ఉన్నది రబ్బరు ముక్కలా, ఇసుకలా ఉంది.

"కారం నంజుకోవాలె. ఒట్టిదే ఎట్ల మింగుతవు?" ఎల్లవ్వ అంది.

శమంత ఆ ముక్కను అరచేతిలోకి ఉమ్మింది. ముసలామె ముఖం ముడుచుకుంది. అన్నం ఉమ్మడం ఆమెకు నచ్చలేదు.

"అవ్వా, ఈ రొట్టెలు ఎవరూ తినకండి. ఒక్క ముక్క కూడా. నేను బియ్యం, బెల్లం పంపిస్తాను. పిల్లలకి ముందు బెల్లం నీళ్ళు, కొంచెం కొంచెంగా పట్టండి. డాక్టరమ్మ కూడా వస్తుంది."

"ఏంది? పిండిల విషం ఉన్నదా?"

ఎవరూ తినకండని మళ్ళీ చెప్పి శమంత కారెక్కింది. విషమైతే చెప్పడం తేలిక.

*

శమంత ల్యాబ్‌కి వచ్చి ఒకే ముద్ద పిండి నుంచి రెండు రొట్టెలు కాల్చింది. ఒకటి పొగలు కక్కుతుండగానే నలిపి గొట్టంలో వేసింది. రెండోది బట్టలో చుట్టి చల్లారేదాకా ఉంచి, అప్పుడు నలిపి వేసింది. రెంటికీ అవే ఎంజైములు, అదే వేడి.

అయోడిన్ చుక్క పడగానే మొదటి గొట్టం లేత రంగులోనే ఉండిపోయింది. రెండోది సిరాబుడ్డిలా నల్లబడింది. ఒక్క రేణువు కూడా కరగలేదు. చల్లారిన రొట్టెను మళ్ళీ పెనం మీద వేడి చేసి చూసింది. అదీ నలుపే.

కాల్చినప్పుడు వదులైన వల, చల్లారేటప్పుడు పిండి రేణువుల చుట్టూ ముడి బిగించుకుంటోంది. ఒకసారి బిగిస్తే ఇక విప్పేవాడు లేడు. వేడిగా తింటే మందు. సద్దిగా తింటే మట్టి. తినేవాడికి తేడా తెలియదు, కడుపు నిండినట్టే ఉంటుంది.

డాక్టర్ నఫీసాకు ఫోన్ చేసి డేరాలకు వెళ్ళమని చెప్పింది. కేంద్రం జీపులో బియ్యం, బెల్లం వేయించి పంపింది. చక్రపాణి గదిలోకి వెళ్ళి, విడుదల కాగితం మీద సంతకం పెట్టనని చెప్పింది. ఆయన నోరు తెరిచేలోపు బయటికి వచ్చేసింది. ఆ తర్వాతే ల్యాబ్ బల్ల ముందు కూర్చుని, అడగాల్సిన ప్రశ్న తనను తాను అడిగింది. ఈ పరీక్ష ముందే ఎందుకు జరగలేదు?

వాలంటీర్లందరికీ కేంద్రం భోజనశాలలోనే రొట్టెలు పెట్టారు. పెనం మీద నుంచి నేరుగా పళ్ళెంలోకి. చక్రపాణికి తట్టలేదు. ఆయన ఇంట్లో వంటమనిషి ఫుల్కాలు పొంగిస్తూ ఉంటే తింటాడు. తనకూ తట్టలేదు. తను బెజవాడలో పెరిగిన మనిషి. వాళ్ళింట్లో రొట్టె అంటే సాయంత్రం పలహారం, వేడి తగ్గితే ఎవరూ ముట్టుకునేవారు కాదు. ల్యాబ్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ వేడి రొట్టె మనుషులే.

ఒక్కరు తప్ప.

సంగమేశ్ అమ్మానాన్నా చెరకు కొట్టినవాళ్ళు. అతను పుట్టిందే డేరాలో. పెళ్ళయిన కొత్తలో శమంత వేడిగా దోసెలు వేసి పెడితే పక్కకు నెట్టి, రాత్రి మిగిలిన రొట్టె మీద పచ్చికారం, ఉల్లిపాయ పెట్టుకుని తినేవాడు. "నీకు రుచి తెల్వదు. సద్ది రొట్టెకు ఉన్న రుచి మీ దోసెకు యాడికెల్లి వస్తది," అనేవాడు. ఏళ్ళ తరబడి పొద్దున్నే అదే తిండి.

ఎప్పుడు మానేశాడు?

ఇంట్లోకి నెమ్మది పిండి వచ్చిన రోజు నుంచి. గ్యాస్ పడుతోందన్నాడు. అప్పటి నుంచే మిగిలిన రొట్టె చెత్తబుట్టలోకి పోతోంది. అప్పటి నుంచే మధ్యాహ్నం ఎన్ని పనులున్నా హాట్ బాక్స్. పొద్దున్నే బాక్స్ పెట్టేయమని పిల్ల బతిమాలితే, వద్దు.

శమంత లేచి నిలబడింది. ఫోన్ మోగింది. నఫీసా.

"డేరాల్లోనే ఉన్నాను. మిగతా పిల్లలు బెల్లం నీళ్ళు తాగుతున్నారు, కొందరు తేరుకుంటారనిపిస్తోంది." ఆమె గొంతు తగ్గించింది. "శివలీల గుండె ఆగిపోయింది శమంత గారూ. ఇప్పుడే నర్సు ఫోన్ చేసింది. ఆ గుండెకు కండ మిగల్లేదు. పిల్ల ఎందుకు పోయిందో మొగులమ్మకి నేను చెప్పలేను, మీరు వస్తారా?"

"వస్తాను. ముందు ఇంకో చోటికి వెళ్ళాలి."

*

బడి గేటు ముందు వేపచెట్టు కింద సంగమేశ్ స్కూటర్ ఆగి ఉంది. లోపల రేకుల షెడ్డులో మైథిలి ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య కూర్చుని తింటోంది. హాట్ బాక్స్ మూత తీస్తే పైకి లేచే ఆవిరి గేటు దగ్గరికి కూడా కనిపిస్తోంది. తల్లిని చూసి పిల్ల చేయి ఊపింది. శమంత కూడా ఊపింది.

సంగమేశ్ ఆమె చేతిలోని గాజు గొట్టం చూశాడు. నల్లటి గొట్టం. ఇదేమిటని అడగలేదు.

"పిల్ల పోయింది," శమంత అంది. "శివలీల."

అతను స్కూటర్ సీటు మీద చేయి పెట్టుకున్నాడు.

"సద్ది రొట్టె నీకు గుర్తు రాలేదని మాత్రం నాతో చెప్పకు సంగమేశ్. ఆ మాట చక్రపాణి చెబితే నమ్ముతాను. నేను చెప్పుకున్నా నమ్ముతాను. నువ్వు చెబితే నమ్మను."

షెడ్డులోంచి పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. అతను అటే చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. మీటింగుల్లో మాట్లాడే భాష కొంచెంసేపే నిలిచింది. అది జారిపోయి, అమ్మతో మాట్లాడిన భాష బయటికి వచ్చింది.

"గుర్తు రాకపోవడం కాదు శమంతా. నేను మొట్టమొదట చేసిన పరీక్షే అది. మీరెవరూ రాకముందు, ఒక్కణ్ణే చేశాను. మా అమ్మ చేసినట్టే పొద్దున్నే కాల్చి, బట్టలో చుట్టి, మధ్యాహ్నం తీశాను. నీ చేతిలో ఉన్నట్టే నల్లబడింది. నమ్మలేక నేనే తిన్నాను. నాలుగు రోజులు అదే తిన్నాను. కడుపు నిండింది, కళ్ళు తిరిగాయి. చిన్నప్పటి ఆకలి ఎట్లుంటదో నాకు తెల్వదా? అదే ఆకలి. కడుపు నిండినంక గూడ అదే ఆకలి.

"వల మల్ల మొదటి నుంచి అల్లాలె. ఏండ్లు పడ్తది. సరే అనుకున్న, అల్లుదాం అనుకున్న. చెప్దామని నీ దగ్గరికి వచ్చిన్నాడే మైతూ బడిల పడిపోయింది. ఆస్పత్రిల గోడ పట్టుకొని నిలబడ్డ. నా దగ్గర గోధుమున్నది, నా బిడ్డను నిలబెట్టే గోధుమున్నది, దాన్ని నా చేతులతోని నేనే అటక మీద పెట్టాల్నా అనుకున్న. పెట్టలే. భోజనశాలల వేడి రొట్టెలే పెట్టుండ్రి అని చెప్పిన. అందరికి సరే అనిపించింది. ఎవరికి అనుమానం రాలే. మీకు సద్ది అంటే ఏందో తెల్వదు.

"దీన్ని పట్నంల షుగరోల్లు కొంటరు, వేడివేడిగ తింటరు అనుకున్న. అట్లనే నమ్మిన. మల్ల నువ్వు వచ్చి డేరాలకు పంచుతానంటివి. ఆ దినం నోటిదాంక వచ్చింది. జొన్నలియ్యి అన్న. నువ్వు దెప్పినవు. ఇంకొక్క మాట అంటే అయిపోతుండె. అంటే నువ్వు అక్కడికక్కడ అంతా ఆపేస్తవు, నాకు తెలుసు. నువ్వు ఆపుతవు. మైతూ ఉన్నా ఆపుతవు. గందుకే చెప్పలే. నీ మంచితనానికి భయపడ్డ.

"సంచులు జీపుకు ఎక్కిస్తుంటే చూసుకుంట నిలబడ్డ. ఒక సంచి జారితే నేనే పట్టుకొని లోపలికి నెట్టిన. రేషన్ దుకాణాలకు పోతదని తెలిసినంక గూడ నెట్టుకుంటనే వచ్చిన.

"తెలుస్తదని భయం లేకుండెనా అంటవా? లేకుండె. ఉన్నదున్నట్టు చెప్తున్న. మేము గూడ గట్లనే ఉంటిమి శమంతా. బొక్కలు తేలి, కళ్ళు గుంటలు పడి, బండి కాడి మీద కూసొని. నా తమ్ముడు ఒకడు డేరాలనే పోయిండు, నీకు ఎన్నడు చెప్పలే. పొద్దుగాల పాతిపెట్టి పగటిపూటకు చెరకు కొట్టవోయిండ్రు మావోల్లు. మిల్లోడు అడగలే, మేస్త్రీ అడగలే, రైతు అడగలే. ఒక్క డాక్టరు రాలే. ఏమైంది, ఏం తిన్నడు అని మమ్ముల ఒక్కడన్న అడగలే. గందుకే, వీళ్ళను గూడ ఎవ్వరు అడగరు అనుకున్న."